బొంతకు ఎన్నాళ్లు?

మా మనవరాలు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, "నాయనమ్మా, బొంత కుట్టాలంటే ఎంత టైం పడుతుంది?" అని అడిగింది. కార్తీకమాసంలో దానికి పురుడు. పుట్టబోయే బిడ్డకు బజారు దుప్పటి వద్దట. అందులోనూ చేతికుట్టే కావాలట.

"వారం" అన్నాను తడుముకోకుండా.

మన ఆడవాళ్లకు ఇదొక జబ్బు. "వంటయిందా?" అంటే "అయిదు నిమిషాలు" అంటాం, పప్పు ఇంకా పొయ్యి మీదకు ఎక్కకుండానే. "బయల్దేరదామా?" అంటే "ఇదిగో, చీర మార్చుకుంటే అయిపోయె" అంటాం. ఆ అయిదు నిమిషాల్లోనే పాలు తోడెయ్యాలి, తలుపులు వెయ్యాలి, కుక్కకు అన్నం పెట్టాలి. మా వారు ఈ విషయంలో అనుభవజ్ఞులు. నేను అయిదు నిమిషాలన్నానంటే ఆయన పేపరు మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెడతారు.

అయితే ఈసారి నోటికొచ్చింది అనడంతో సరిపెట్టకుండా కాగితం తీసుకుని లెక్క వేశాను. మీలో కుట్టుపని తెలిసినవాళ్లు ఈ లెక్క సరిచూడండి.

బొంత పొడవు 6 అడుగులు, వెడల్పు 4 అడుగులు. పువ్వులూ, నక్షత్రాలూ ఏమీ లేవు. నిలువు పట్టీలు వరసగా ఒకదాని పక్కన ఒకటి కలిపి కుట్టడమే. బొంతల్లో ఇంతకంటే సులువైనది లేదు. పట్టీ వెడల్పు 4 అంగుళాలు. అటో అర అంగుళం, ఇటో అర అంగుళం కుట్టులోకి పోతే పైకి కనిపించేది 3 అంగుళాలు. 4 అడుగులంటే 48 అంగుళాలు కాబట్టి 16 పట్టీలు కావాలి. పదహారు పట్టీలను కలపడానికి 15 కుట్టువరసలు. ఒక్కో వరస 6 అడుగులు, మొత్తం 90 అడుగులు. అంగుళానికి 5 కుట్లు చొప్పున 5,400 కుట్లు. నిమిషానికి 20 కుట్లు వేస్తే నాలుగున్నర గంటలు.

ఇది పై పొర మాత్రమే. దాని కింద పాత చీరలు రెండు మూడు మడతలు పరిచి, అన్నిటినీ కలిపి పెద్దసూదితో కుట్టాలి. రెండంగుళాలకో వరస చొప్పున 24 వరసలు, అంటే 144 అడుగులు. ఇక్కడ కుట్టు కాస్త పెద్దది, అంగుళానికి మూడు చాలు. 5,184 కుట్లు. మందం వల్ల సూది తేలిగ్గా దిగదు, నిమిషానికి 15 అనుకున్నా ఆరు గంటలకు కాస్త తక్కువ. చుట్టూ అంచు మడిచి కుట్టడానికి ఒక గంట. చీరలు చింపి, ఇస్త్రీ చేసి, పట్టీలు సర్దుకోవడానికి రెండు గంటలు. అన్నీ కలిపితే పదమూడు గంటల పైచిలుకు. సరే, పద్నాలుగు గంటలనుకుందాం. రోజుకు రెండు గంటలు కూర్చుంటే ఏడు రోజులు.

వారం! నా నోటిమాట అక్షరాలా నిజమైంది. ఆ కాగితం మా వారికి చూపించి కాస్త గర్వపడ్డాను కూడా.

బొంత పూర్తయింది నలభై ఒకటో రోజున.

ఎక్కడ పోయాయి మిగిలిన ముప్ఫై నాలుగు రోజులు? లెక్కలో తప్పేమీ లేదు. కూడికా సరే, గుణకారమూ సరే. కానీ కాగితం మీద సూదికి దారం ఎక్కించే పని లేదు. డెబ్భై ఏళ్ల కళ్లకు అది చిన్న పనేం కాదు. మూరెడు దారం అయిపోగానే మళ్లీ కిటికీ దగ్గరకు వెళ్లాలి. మా చీరాల, జాండ్రపేట నేతచీరల్లో ఒక సుగుణం ఉంది. కొసన చిన్న గాటు పెట్టి లాగితే పడుగు వెంబడే సూటిగా చిరుగుతాయి, కత్తెరతో పని లేదు. ఆ ధైర్యంతోనే మొదలుపెట్టాను. కానీ పాతచీర ఎక్కడ పలచబడిందో చింపేదాకా తెలియదు. కుచ్చెళ్లు పడేచోట నలిగి పిగిలిపోతుంది, పాదాల దగ్గర అంచు అరిగిపోతుంది. పదహారు పట్టీలకని చింపితే నాలుగు చేతిలోనే పేలికలయ్యాయి. పట్టీలన్నీ పొడవు వెంబడి చింపినవైతే సాగవు. గుడ్డ చాలక రెండు పట్టీలు అడ్డంగా చింపాను. అవి కుడుతుంటే సాగి, కింద బెత్తెడు ఎక్కువొచ్చాయి. ఏడో పట్టీని తిరగేసి కుట్టి మర్నాడు గాని చూసుకోలేదు. ఆరడుగుల కుట్టు విప్పడానికి, కుట్టినదానికంటే ఎక్కువ సేపు పట్టింది.

ఇవన్నీ బొంత లోపలి సంగతులు. బయటివి చెప్పాలా? వినాయక చవితి వచ్చింది. పక్కింటివాళ్ల అమ్మాయిని చూసుకోవడానికి పెళ్లివారు వచ్చారు. మా వారికి జ్వరం తగిలింది. ఊరగాయ జాడీలు ఎండబెట్టాల్సి వచ్చింది. రోజుకు రెండు గంటలని రాసుకున్నాను గదా, ఆ రెండు గంటలు ఏకంగా దొరికిన రోజు నలభైలో మూడో నాలుగో. మిగతావన్నీ పావుగంట, పది నిమిషాలు. కూర ఉడికే లోపల నాలుగు కుట్లు, పాలవాడొచ్చే లోపల ఆరు కుట్లు. కాలాన్ని కూడా పట్టీలుగా చింపి అతుకు వేసుకున్నట్టే అయింది.

ఇలా తప్పు లెక్క వేసేది నేనొక్కదాన్నే కాదట. డేనియల్ కానమన్, ఏమస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే దీనికి ప్లానింగ్ ఫాలసీ అని పేరు పెట్టారు. మనిషి ఒక పనికి ఎంత కాలం పడుతుందో చెప్పేటప్పుడు ఆ పనిని మనసులో మొదటి నుంచి చివరిదాకా సాఫీగా నడిపించి చూసుకుంటాడు. ఇలాంటి పనులకు ఇదివరకు నిజంగా ఎంత పట్టిందో గుర్తు చేసుకోడు. గుర్తున్నా, అప్పుడేదో అవాంతరం వచ్చింది, ఈసారి రాదు అనుకుంటాడు. ఎంత నిజం! అవాంతరం రాని బొంత నా జీవితంలో ఒక్కటీ లేదు. అయినా ప్రతిసారీ అవాంతరం లేని బొంతకే లెక్క వేశాను.

ఆడవాళ్ల విషయంలో దీనికి ఇంకో కారణం ఉందని నాకనిపిస్తుంది. మన ఇంటిపనిని మనం పనిగా లెక్కలో వెయ్యం. కేంద్ర ప్రభుత్వం 2019లో దేశమంతటా జనం కాలాన్ని ఎలా ఖర్చు చేస్తున్నారో సర్వే చేయించింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి పెడుతున్నారట. అదే పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అంటే రోజుకు ఒక నిమిషం తక్కువ అయిదు గంటలు. నా కాగితం మీద ఆ అయిదు గంటలూ ఎక్కడా లేవు. నా కాలాన్ని నేనే తక్కువగా లెక్క కట్టుకున్నాను. ఇక ఎదుటివాళ్లు ఎందుకు కడతారు?

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నా బొంత నా ఇష్టం, వారమన్నది ఆరు వారాలైతే కొంప మునిగేదేమీ లేదు. కానీ పట్టీలు కలుపుతూ కూర్చున్న ఆ నలభై రోజులూ నన్ను ఒక ప్రశ్న పట్టుకుంది. 'ఇన్నాళ్లు పడుతుంది' అని చెప్పడం అంచనానా, మాట ఇవ్వడమా? అంచనా అయితే తప్పినా దోషం లేదు. మాట అయితే తప్పకూడదు. మనం ఏం చేస్తామంటే, మనం చెప్పింది అంచనా అంటాం, ఎదుటివాళ్లు చెప్పింది మాట అంటాం. దర్జీ "రేపు రండి" అంటే అబద్ధాలకోరు. మనం "రేపు డబ్బులిస్తాం" అంటే ఏదో ఇబ్బంది వచ్చింది పాపం!

ఈ తేడా నాకు సరిగ్గా తెలిసింది చిన్నప్పుడు కాదు, పెద్దయ్యాక. దాన్ని చెప్పకుండా ఈ వ్యాసం ముగించడం నిజాయితీ కాదు.

మా అత్తవారిది కారంచేడు. అప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. 1985 వేసవి చివర్లో నేను నాలుగు పాతచీరలు మూటగట్టి, మాదిగపల్లె నుంచి మా ఇంటికి పనికి వచ్చే ఒకావిడకు బొంత కుట్టమని ఇచ్చాను. ఆవిడ పేరు ఇక్కడ రాయను. చెయ్యి మంచిది. ఆవిడ కుట్టు ఎంత సన్నగా, సమంగా ఉండేదంటే నేను ఇప్పటికీ అలా కుట్టలేను. వయసులో మా అత్తయ్య కంటే పెద్ద. నేను ముప్ఫై ఏళ్లదాన్ని ఆవిడను "నువ్వు" అనేదాన్ని, ఆవిడ నన్ను "అమ్మగోరూ" అనేది. అందులో వింతేమీ నాకు కనపడలేదు.

"ఎన్ని రోజుల్లో ఇస్తావు?" అన్నాను.

"ఎట్టా చెప్పేదమ్మగోరూ! నాట్లు మొదలైతే పొద్దుగూకిందాకా పొలంలోనే గదా. రేత్తిరి దీపం కాడ కుట్టాల."

"అదేమిటి, నాలుగు చీరల బొంతకు పదిరోజులు చాలవూ? ఇరవై రూపాయలిస్తాను, పదిరోజుల్లో ఇచ్చెయ్యి."

ఆవిడ ఒక్క క్షణం మూట వంక చూసి, "సరేలెండి" అంది.

చూశారా, ఎన్నాళ్లు పడుతుందో చెప్పింది నేను. కుట్టాల్సింది ఆవిడ. ఆవిడ చెప్పింది నిజమైన లెక్క: పొలం, చీకటి, దీపం. నేను చెప్పింది నా అవసరం. కానీ పదిరోజులు దాటగానే అది ఆవిడ ఇచ్చిన మాట అయిపోయింది. జులై మొదటివారంలో పెరట్లో నిలబెట్టి కేకలేశాను. "పదిరోజులని ఒప్పుకున్నావా లేదా? మాటంటే మాటే!" అన్నాను. ఆవిడ "సగమైంది, ఇంకొక్క వారం" అంది. ఆ వారం కూడా, చూస్తే, నా కేకలకు భయపడి చెప్పిందే గాని లెక్క వేసి చెప్పింది కాదు.

జులై 17న మాదిగపల్లె మీద దాడి జరిగింది. మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన మాట. చేసింది మా కులంవాళ్లే. ఆరుగురు మగవాళ్లను చంపారు. ఆడవాళ్లను చెరిచారు. మిగిలినవాళ్లు చేతికందినవాళ్లను పట్టుకుని పొలాలకు అడ్డంపడి చీరాల పారిపోయారు. అక్కడ శిబిరంలో తలదాచుకున్నారు. సాయంత్రానికి పల్లె ఖాళీ. రాష్ట్రమంతా మా ఊరిపేరు తెలిసింది. దేశమంతా తెలిసింది. దళిత మహాసభ ఆ తర్వాత పుట్టింది. 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం గురించి ఎవరు మాట్లాడినా ఈ ఊరి పేరు ఎత్తకుండా ఉండరు.

నేనేం చేశాను? ఏమీ చెయ్యలేదు. తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చున్నాను. ఇంకా సిగ్గుపడాల్సింది చెబుతాను. రెండో రోజో మూడో రోజో నాకు నా నాలుగు చీరలు గుర్తొచ్చాయి. 'అయ్యో, ఆవిడ ఏమైందో' అన్నది తర్వాత వచ్చింది. చీరలు ముందొచ్చాయి. ఇన్నేళ్లలో ఈ సంగతి ఎవరితోనూ అనలేదు.

మూడు నాలుగేళ్లకు చీరాల బజారులో ఆవిడ ఎదురైంది. ఊరు వదిలి వెళ్లినవాళ్లలో చాలామంది చీరాలలోనే కాలనీ కట్టుకుని ఉండిపోయారు. ఆవిడే నన్ను గుర్తుపట్టి ఆగింది. బాగా చిక్కిపోయింది. నేను మాటకు తడుముకుంటుంటే ఆవిడే, "మీ బొంత సగమైందమ్మా. ఆ రోజు కోకలు అక్కడే ఉండిపోయినయ్" అంది.

"పర్లేదులే" అన్నాను.

పర్లేదులే! ఎంత పెద్దమనసు నాది! క్షమించేసినట్టున్నాను. ఇల్లూ, ఊరూ, మనుషులూ పోయిన మనిషి నాకు బొంత బాకీ ఉన్నానని చెబుతుంటే, ఆ బాకీ కొట్టేశాను గదా. ఆవిడ తలూపి వెళ్లిపోయింది. "అమ్మగోరూ" అనలేదని ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది. "అమ్మా" అంది, అంతే. తర్వాత మళ్లీ కనపడలేదు.

ఆవిడ కుట్టిన ఆ సగం బొంతకు నేను డబ్బులిచ్చానా? ఇవ్వలేదు. అప్పుడు బుద్ధికి తట్టనే లేదు. ఇప్పుడు నా కాగితం తీసి లెక్క వేస్తే, పద్నాలుగు గంటలకు ఇరవై రూపాయలంటే గంటకు రూపాయిన్నర కూడా పడదు. అది కూడా ఏ అవాంతరమూ లేని బొంతకు, పగటి వెలుతురులో కూర్చుని కుట్టే మనిషికి.

ఆ ఊరి కేసు సంగతి మీకు తెలిసే ఉంటుంది. కోర్టులు మారి మారి, సుప్రీంకోర్టు ఆఖరి తీర్పు చెప్పింది 2008లో. ఇరవై మూడేళ్లు. బొంత పదిరోజులు ఆలస్యమైతే ఊరుకోని నేను ఆ ఇరవై మూడేళ్లలో "ఇంకా ఎన్నాళ్లు?" అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. 'కోర్టు వ్యవహారాలు అంతే, టైం పడుతుంది' అన్నాను, అందరిలాగే. అంటే కాలం పడుతుందన్న సంగతి మనకు తెలియక కాదు. ఎవరి విషయంలో ఓపిక పట్టాలో, ఎవరి విషయంలో పట్టక్కర్లేదో మనం ముందే తేల్చుకుని కూర్చుంటాం.

బొంతలు పేదవాళ్ల సొత్తు, ఎక్కడైనా అంతే. బెంగాల్లో కాంతా అంటారు, ఉత్తర కన్నడ అడవుల్లో సిద్దీ ఆడవాళ్లు కుట్టేదాన్ని కవంది అంటారు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో, ఒకప్పటి బానిసల వంశంలో పుట్టిన నల్ల ఆడవాళ్లు పాత పనిబట్టలను చింపి పట్టీలు కలిపి బొంతలు కుట్టుకునేవారు. పౌరహక్కుల పోరాటం జరుగుతున్న రోజుల్లో, 1966లో, వాళ్లు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అని ఒక సహకార సంఘం పెట్టుకుని తమ బొంతలు తామే అమ్ముకున్నారు. ఆ పక్కనే ఉన్న జీస్ బెండ్ అనే పల్లె బొంతలను 2002లో హ్యూస్టన్ నగరంలోని కళాప్రదర్శనశాలలో గోడలకు వేలాడదీశారు, గొప్ప చిత్రకారుల బొమ్మల్లా. అది చదివినప్పుడు నాకు వాళ్ల బొంతల అందం కంటే సంఘం సంగతే ఎక్కువ నచ్చింది. కుట్టే మనిషే ఎన్నాళ్లో చెప్పింది, కుట్టే మనిషే ఎంతో చెప్పింది.

నలభై ఏళ్లు గడిచాయి కాబట్టి ఇదంతా తేలిగ్గా రాయగలుగుతున్నానని మీరనవచ్చు. నిజమే. ఆలస్యంగా వచ్చిన బుద్ధికి విలువెంత అన్నది మరో ప్రశ్న. బాకీ ఉన్న మనిషి లేనప్పుడు బాకీ తీర్చడం ఎలాగో నాకు తెలియదు. ఇంట్లో పనిచేసే అమ్మాయిని "మీరు" అన్నంత మాత్రాన, "నీకెన్నాళ్లు కావాలో నువ్వే చెప్పు" అని దర్జీతో అన్నంత మాత్రాన అది తీరదు. అయినా అంటున్నాను. అనడం మానేస్తే మళ్లీ పాత మనిషినే అవుతానేమోనని భయం.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పగలను. ఎన్నాళ్లు పడుతుందన్న ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు పని చేసే చేతిది. ఆ చేతికి ఇంకెన్ని పనులున్నాయో, దీపంలో నూనె ఉందో లేదో ఆ చేతికే తెలుసు. మన అవసరం మనం చెప్పుకోవచ్చు, తప్పులేదు. మన అవసరాన్ని వాళ్ల నోట పలికించి, ఆపైన అది వాళ్లు ఇచ్చిన మాట అనడం మాత్రం తప్పు. మాట అనేది "కాదు" అనగలిగిన మనిషి దగ్గర తీసుకోవాలి. కాదనలేనివాళ్ల "సరే" మాట కాదు.

బొంత పంపించాను. మనవరాలు ఫోన్ చేసి తెగ మురిసిపోయింది. "మా ఆఫీసులో ఒకావిడ చూసి తనకూ ఒకటి కావాలంటోంది నాయనమ్మా. వారంలో అవుతుంది గదా?" అంది.

"కాదు" అన్నాను. "నలభై రోజులు."

"అంతా!"

"అంతే. తొందరైతే బజార్లో కొనుక్కోమను."

పక్కన మా వారు పేపరు దించి నా వంక చూశారు. నా నోట సరైన లెక్క వినడం ఆయనకు ఇదే మొదటిసారి మరి.